పాత టెలివిజన్ వెరైటీ షోలలో జానపద గాయకులు: పాటను ఎంచుకున్నది ఎవరు?

కృష్ణలంక శ్రోత:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో బుర్రకథ గురించీ, విజయవాడ ఆకాశవాణి గురించీ ఎంతో చర్చ జరిగింది గానీ, టెలివిజన్ తొలి దశాబ్దాలలో జానపద గాయకులు వెరైటీ షోలకు అతిథులుగా వెళ్ళిన సందర్భాలను ఎవరూ ప్రస్తావించినట్టు లేదు. అమెరికాలో 1950లలోను, 60లలోను ప్రసారమైన అటువంటి కార్యక్రమాలను కొంతకాలంగా వెతికి వెతికి చూస్తున్నాను. హాస్యం, గారడీ, నృత్యం, సినిమా తారల పలకరింపుల నడుమ ఒక గాయకుడు గిటారో బాంజోనో పట్టుకుని వచ్చి నాలుగు నిమిషాలు పాడి వెళ్ళిపోతాడు. ఆ నాలుగు నిమిషాలలో ఏ పాట పాడాలో ఎవరు నిర్ణయించారన్నది తెలిస్తే తప్ప ఆ దృశ్యం మనకు పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం.

రెండు ఉదాహరణలు చెబుతాను. సీబీఎస్ సంస్థ 1948 నుంచి 1971 వరకు ఆదివారం రాత్రుళ్ళు ప్రసారం చేసిన ఎడ్ సలివన్ షోకు 1963 మే 12న బాబ్ డిలన్ రావలసి ఉంది. ఆయన ఎంచుకున్న పాట ‘టాకిన్ జాన్ బర్చ్ పారనాయిడ్ బ్లూస్’. ఎక్కడ చూసినా కమ్యూనిస్టులే కనిపించే జాన్ బర్చ్ సొసైటీ వారి మీద వ్యంగ్యంగా కట్టిన పాట అది. సలివన్‌కు అభ్యంతరం లేకపోయినా, ప్రసార ప్రమాణాల విభాగం రిహార్సల్ తరువాత ఆ పాట కుదరదన్నది. వేరే పాట పాడమంటే డిలన్ ఒప్పుకోలేదు, పాడకుండానే వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు కూడా నిండలేదు.

రెండవది జానపద గాయకుడు పీట్ సీగర్ విషయం. పదిహేడేళ్ళ పాటు జాతీయ నెట్‌వర్కుల ముఖ్య కార్యక్రమాలకు దూరంగా ఉంచిన ఆయనను 1967 సెప్టెంబరులో స్మదర్స్ సోదరులు తమ కామెడీ అవర్‌కు పిలిచారు. అక్కడ ఆయన పాడిన ‘వెయిస్ట్ డీప్ ఇన్ ద బిగ్ మడ్డీ’ పాటను సీబీఎస్ మొత్తంగా కత్తిరించి మిగతాది ప్రసారం చేసింది. 1942లో లూసియానాలో శిక్షణ పొందుతున్న దళాన్ని లోతు తెలియని నదిలోకి నడిపించిన ఒక కెప్టెన్ కథ అది. అప్పుడు జరుగుతున్న వియత్నాం యుద్ధం పేరు అందులో ఎక్కడా ఉండదు, కానీ విన్నవారికి అర్థం కాకుండానూ ఉండదు. విషయం పత్రికలకెక్కింది, సోదరులు పట్టు విడవలేదు, 1968 ఫిబ్రవరి 25న సీగర్ మళ్ళీ వచ్చి అదే పాట పాడితే ఈసారి ప్రసారమైంది. ఆ పాట తప్ప మరేదైనా పాడి ఉంటే ఆ రెండు రాకలకూ ఈనాడు ఇంత విలువ ఉండేది కాదు. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

బ్రాడీపేట వాసి:
శ్రోత గారూ, చాలా మంచి అంశం ఎత్తుకున్నారు. అయితే పాటను గాయకుడే ఎంచుకున్నాడా లేదా అన్న ఒక్క కొలమానంతో ఆ కార్యక్రమాలన్నిటినీ తూచడం సబబు కాదనిపిస్తోంది. 1963 ఏప్రిల్‌లో ఏబీసీ సంస్థ ప్రారంభించిన హూటెనానీ అనే జానపద సంగీత కార్యక్రమాన్ని తీసుకోండి. ఆ బృందం వారం వారం ఒక కళాశాలకు వెళ్ళి, విద్యార్థులను చుట్టూ నేల మీద కూర్చోబెట్టి, మధ్యలో గాయకులను నిలబెట్టి చిత్రీకరించేది. మొదటి ప్రసారం మిచిగన్ విశ్వవిద్యాలయంలో జరిగినది. లైమ్‌లైటర్స్, బాబ్ గిబ్సన్ వంటివారు అందులో పాడారు. తరువాతి వారాలలో కార్టర్ కుటుంబం కూడా వచ్చింది. అప్పటివరకు కాఫీ హోటళ్ళలో పదుల మంది మధ్య వినిపించిన సంగీతం పల్లెటూరి ఇంటి ముందు గదిలోకి వచ్చింది.

ఆ పాటలు మెత్తబడ్డాయనీ, నవ్వు ముఖాలు, చప్పట్లు ఎక్కువయ్యాయనీ అనవచ్చు. నేనూ కాదనను. కానీ ఆ కార్యక్రమంలో ఒక పాట విని, దాని మూలం ఎక్కడుందోనని వెతుక్కుంటూ పాత గాయకుల దాకా వెళ్ళిన శ్రోత ఒక్కడు ఉన్నా, ఆ అరగంట ఊరికే పోయినట్టు కాదు గదా.

అరండల్‌పేట పాఠకురాలు:
ఒక సందేహం. సీగర్ గారిని అన్నేళ్ళు ఎందుకు దూరంగా ఉంచారు? అది ప్రభుత్వ నిషేధమా, లేక టెలివిజన్ సంస్థలు తమంతట తామే చేసిన పనా?

కృష్ణలంక శ్రోత:
పాఠకురాలు గారూ, వ్రాతపూర్వకమైన ప్రభుత్వ నిషేధమేదీ లేదు. 1950లో రెడ్ ఛానెల్స్ అనే చిన్న పుస్తకం వెలువడింది. అందులో రేడియో, టెలివిజన్ రంగాలకు చెందిన 151 మందిని వామపక్ష సంబంధాలు గలవారిగా పేర్కొన్నారు, వారిలో సీగర్ ఒకరు. అప్పుడే ఆయన ఉన్న వీవర్స్ బృందం పాడిన ఒక రికార్డు దేశమంతటా అగ్రస్థానంలో వారాల తరబడి నిలిచింది. ఆ పుస్తకం వచ్చాక పిలిచినవాళ్ళే పిలుపు వెనక్కి తీసుకున్నారు. 1955 ఆగస్టులో, కమ్యూనిస్టు సంబంధాలను విచారించే అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు హాజరైనప్పుడు, తన విశ్వాసాల గురించి అడిగే హక్కు ఎవరికీ లేదంటూ ఆయన సమాధానాలు నిరాకరించారు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కరలేదన్న ఐదవ సవరణ వెనుక దాక్కోలేదు. సభా ధిక్కార నేరం మీద 1961లో ఏడాది శిక్ష పడింది, 1962 మే నెలలో అప్పీలు కోర్టు దానిని కొట్టివేసింది.

కోర్టు కొట్టివేసిన మరుసటి ఏడాదే హూటెనానీ మొదలైందన్నది గమనించండి. అయినా ఆయనను పిలవలేదు. తరువాత విధేయతా ప్రమాణపత్రం మీద సంతకం చేస్తే ఆలోచిస్తామన్నారు. ఆయన చేయలేదు. అందుకు నిరసనగా జోన్ బయెజ్, డిలన్ మొదలైనవారు ఆ కార్యక్రమానికి రాము అన్నారు. బ్రాడీపేట వాసి గారు చెప్పిన మేలును నేను తోసిపుచ్చడం లేదు. కానీ జానపద సంగీతం పేరుతో నడిచిన కార్యక్రమంలో, ఆ సంగీతాన్ని ఊరూరా పాడి నిలబెట్టిన మనిషికే చోటు లేకపోవడం చిన్న విషయం కాదు.

గాంధీనగర్ గిటార్:
ఈ చర్చలో రెయిన్‌బో క్వెస్ట్ ప్రస్తావన ఇంకా రాలేదు, కనుక నేను తెస్తాను. నెట్‌వర్కులు రానివ్వని సీగరే 1965-66లో స్వయంగా ఆతిథ్యమిచ్చి నడిపిన కార్యక్రమం అది. నిర్వహణ భారం చాలావరకు ఆయన భార్య తోషీ గారిది. న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూవార్క్ నగరంలో డబ్ల్యూఎన్‌జేయూ అనే యూహెచ్ఎఫ్ కేంద్రంలో, నలుపు తెలుపులలో తీశారు. 1964కు ముందు అమ్మిన టెలివిజన్ సెట్లలో చాలావాటికి ఆ తరంగాలు అందేవి కావు, కాబట్టి చూసినవారు కొద్దిమందే. ఎదుట ప్రేక్షకులు లేరు, వాద్య బృందం లేదు. ఒక బల్ల, కొన్ని కుర్చీలు, వాద్యాలు, అంతే.

నేను గిటారు నేర్చుకుంటున్న విద్యార్థిని. ఆ కార్యక్రమంలో ఎలిజబెత్ కాటన్ గారు వచ్చిన భాగం నాకు పాఠ్యపుస్తకం. ఆమె ఎడమచేతివాటం మనిషి. చిన్నతనంలో అన్నగారి వాద్యాలు దొంగచాటుగా తీసి వాయించడం వల్ల తీగల క్రమం మార్చుకునే అవకాశం లేక, కుడిచేతివారికి బిగించిన వాద్యాన్నే తిరగేసి పట్టుకున్నారు. మేమందరం బొటనవేలితో మంద్ర తీగలను మీటుతూ, మిగతా వేళ్ళతో సన్నని తీగల మీద రాగం పలికిస్తాం. ఆమెకు ఇదంతా తలకిందులు: చూపుడువేలు మంద్ర తీగల మీద లయ నడిపిస్తుంటే, బొటనవేలు కిందికి దిగి సన్నని తీగల మీద రాగం పలుకుతుంది. ఈ సంగతి రికార్డు వింటే తెలియదు. కెమెరా చేతి దగ్గర ఆగింది కాబట్టి తెలిసింది. మామూలు వెరైటీ షోలో అయితే కెమెరా ముఖం మీదికీ, అక్కడినుంచి చప్పట్లు కొట్టే జనం మీదికీ వెళ్ళిపోతుంది.

ఇంకొక సంగతి. కాటన్ గారు చాలాకాలం ఇళ్ళలో పనిచేసి బతికారు. ఒక పెద్ద దుకాణంలో తప్పిపోయిన పాపను తల్లికి అప్పగించడంతో పరిచయమైన ఆ కుటుంబం సీగర్ వారిది, ఆ పాప పీట్‌కు సవతి చెల్లెలు పెగ్గీ. ఆ ఇంట్లో పనికి చేరిన తరువాతే ఎన్నో ఏళ్ళుగా మానేసిన గిటారును ఆమె మళ్ళీ చేతబట్టారు. ఆ ఇంటి కొడుకు నడిపే కార్యక్రమానికి ఆమె గాయకురాలిగా, అతిథిగా వచ్చి కూర్చోవడం చూస్తుంటే నాకు ఎంతో తృప్తి కలుగుతుంది. శ్రోత గారి ప్రశ్నకు నేనొకటి చేరుస్తాను: పాటను ఎంచుకున్నది ఎవరన్నదే కాదు, గాయకుడు పాడుతున్నప్పుడు ఆతిథ్యమిచ్చినవాడు ఏం చేస్తున్నాడన్నది కూడా చూడాలి. సీగర్ పక్కనే కూర్చుని వింటారు.

తంబూర:
మీరందరూ వ్రాసినది చదివాక మన సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది గుంటూరు దగ్గర పల్లె. నేను ఒక బుర్రకథ దళంలో చాలా ఏళ్ళు వంతగా పనిచేశాను. తెలియనివారి కోసం చెబుతున్నాను. కథకుడు భుజాన తంబూర, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలతో మధ్యలో నిలబడతాడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండవ వంత నడుస్తున్న రాజకీయాన్ని కథలోకి లాగి విమర్శిస్తాడు. ఈ ముగ్గురూ అడుగులు వేస్తూ ముందుకు వస్తారు, వెనక్కి వెళతారు, వీరరసం వచ్చినప్పుడు కథకుడు ఒక్క గంతుతో ముందుకు దూకుతాడు. రాత్రి భోజనాల వేళ మొదలైతే మూడు గంటలు సాగడం మామూలే.

1980లలో మా దళాన్ని ఒక స్టూడియోకు పిలిచారు. పది నిమిషాలలో ముగించమన్నారు. నేల మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి, ఎవరి గీత మీద వాళ్ళు నిలబడాలన్నారు, ఎందుకంటే మైకు అక్కడే ఉంది, దీపాల వెలుగు అక్కడే పడుతోంది. అడుగు వెనక్కి వేస్తే మాట వినిపించదు, ముందుకు వేస్తే ముఖం కనిపించదు. గజ్జె చప్పుడు పాటను మింగేస్తోందని కథకుడి చేత గజ్జెలు విప్పించారు. ఇవన్నీ సాంకేతికమైన ఇబ్బందులు, వాటికి ఎవరినీ తప్పుపట్టను. కానీ హాస్య వంత మాటలు ఉంచి, రాజకీయ వంత మాటలు తీసేయమన్నారు. ఆ రాజకీయ వంతను నేనే. పది నిమిషాలూ డక్కీ వాయిస్తూ “తందాన తాన” అని మాత్రం అన్నాను. సీగర్ గారి పాట కత్తిరించిన సంగతి చదువుతుంటే నాకు ఆ సుద్దగీతలే కళ్ళ ముందుకు వచ్చాయి.

అయినా పొట్టిగా చెప్పడమే నేరమని నేను అనను. పొన్నెకల్లులో 1920లో పుట్టి, బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు 1954 నాటి అగ్గిరాముడు సినిమాలో అల్లూరి సీతారామరాజు కథను కొద్ది నిమిషాలలో చెప్పారు. అందులో రోషం ఎక్కడా తగ్గలేదు. ఎందుకంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలిసిన కళాకారుడి కత్తిరింపు అది. కత్తెర కళాకారుడి చేతిలో ఉండాలి.

కృష్ణలంక శ్రోత:
తంబూర గారూ, నా ప్రశ్నకు నేను వెతుకుతున్న సమాధానం మీరు చెప్పారు. మీ అనుభవాన్ని ఇంత వివరంగా పంచుకున్నందుకు ధన్యవాదాలు.

బ్రాడీపేట వాసి:
తంబూర గారి చివరి మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటూ, టెలివిజన్‌లో ఆ కత్తెర గాయకుడి చేతికి వచ్చిన ఒక సందర్భం చెబుతాను. 1959 డిసెంబరు 10న సీబీఎస్‌లో హ్యారీ బెలఫాంటే గంటసేపు ఒక ప్రత్యేక కార్యక్రమం చేశారు. ప్రాయోజకులు రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల సంస్థవారు. వరుసగా తెలిసిన పాటలు పాడి, మధ్యలో ఇద్దరు తారలతో కబుర్లు చెప్పడం ఆనాటి మామూలు పద్ధతి. బెలఫాంటే దానికి ఒప్పుకోక, నల్లజాతివారి శ్రమగీతాలతో, భక్తిగీతాలతో కార్యక్రమాన్ని కూర్చారు. అతిథిగా జానపద గాయని ఒడెట్టాను పిలిచారు. అప్పటికి ఆమె పేరు జానపద సంగీత వర్గాలలో తప్ప బయట అంతగా తెలియదు. అలంకారాలు లేని వేదిక మీద, కురచ జుట్టుతో, గిటారుతో ఆమె నిలబడి ఆ గంభీరమైన గొంతు విప్పితే, దేశం మొత్తం విన్నది. ఆ కార్యక్రమానికి బెలఫాంటే ఎమ్మీ పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి నల్లజాతి కళాకారుడు ఆయనే.

తరువాతి కథ కూడా చెప్పాలి. నల్లవారు, తెల్లవారు కలిసి కనిపించడం దక్షిణాది రాష్ట్రాలలో కొందరికి గిట్టడం లేదనీ, ఇకమీద నల్లవారితో మాత్రమే చేయమనీ ప్రాయోజకులు కోరారని, తాను కాదని తప్పుకున్నానని బెలఫాంటే తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. కనుక కత్తెర చేతికి రావడం ఒకటి, అది చేతిలో నిలవడం మరొకటి.

పాత టేపులు:
శబ్దగ్రహణం నా వృత్తి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. ఈ దృశ్యాలలో కొన్ని మనకు ఎలా మిగిలాయో, కొన్ని ఎందుకు మిగలలేదో చెప్పడం అవసరమనిపించింది.

వీడియో టేపు రాకముందు ప్రత్యక్ష ప్రసారాన్ని భద్రపరచడానికి ఒకటే మార్గం: టెలివిజన్ తెర ఎదుట 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమెరా పెట్టి ఆ తెరనే చిత్రీకరించడం. దానినే కినెస్కోప్ అంటారు. మీరు చూస్తున్న పాత దృశ్యాలలో అంచులు కాస్త వంగినట్టు, తెలుపు పొగచూరినట్టు ఉండడానికి అదే కారణం. 1956లో ఆంపెక్స్ సంస్థ రెండంగుళాల వెడల్పు గల వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. బొమ్మ మెరుగుపడింది గానీ, కొత్త ప్రమాదం కూడా వచ్చింది. ఫిల్మును చెరిపి మళ్ళీ వాడలేము, టేపును వాడగలము. టేపు ఖరీదు ఎక్కువ, పునఃప్రసారం ఉంటుందన్న ఆలోచన తక్కువ, దానితో ప్రసారం అయిపోగానే చెరిపి మరో కార్యక్రమానికి వాడుకున్నారు. హూటెనానీ టేపులు చాలావరకు అలాగే పోయాయి, ఈనాడు చూడగలుగుతున్నవి కినెస్కోప్ ప్రతులు. డిలన్ 1962 చివరలో లండన్ వెళ్ళి, 1963 జనవరిలో ప్రసారమైన బీబీసీ నాటకంలో పాడితే, దాని ప్రతిని 1968లో ధ్వంసం చేశారు. అది వెరైటీ షో కాదు, అయినా నష్టం ఒకటే.

రెయిన్‌బో క్వెస్ట్ వంటి చిన్న కేంద్రపు కార్యక్రమం దక్కిందంటే, దానిని తీసినవారికి అందులో కూర్చున్న మనుషుల విలువ తెలుసు కాబట్టి. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులు ఇచ్చి, తరువాత ముప్పై అయిదేళ్ళు పొలం పనులలో ఉండిపోయి, 1963లో మళ్ళీ వెలుగులోకి వచ్చారు. 1966 నవంబరులో కన్నుమూశారు. ఆయన నవ్వుతూ పాడిన ఆ దృశ్యం ఆ మూడేళ్ళలో ఎవరో ఒకరు తీయకపోతే మరి లేదు.

అరండల్‌పేట పాఠకురాలు:
స్మదర్స్ సోదరుల కార్యక్రమం తరువాత ఏమైంది? సీగర్ పాట ప్రసారమయ్యాక సంస్థ మెత్తబడిందా?

కృష్ణలంక శ్రోత:
మెత్తబడలేదండీ. 1969లో జోన్ బయెజ్ అదే కార్యక్రమానికి వచ్చి, తన భర్త డేవిడ్ హారిస్‌కు ఒక పాట అంకితమిస్తూ, ఆయన జైలుకు వెళ్ళబోతున్నారనీ, సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు ఈ శిక్ష అనీ చెప్పారు. జైలుకు వెళుతున్నారన్న మాట ఉంచి, ఎందుకు వెళుతున్నారన్న మాట తీసేశారు. విన్నవారు ఏ దొంగతనానికో వెళుతున్నాడనుకోవడానికి వీలుగా మిగిల్చారన్నమాట. పాటను మొత్తంగా తీసేయడం కంటే ఇది నాకు ఎక్కువ అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే పూర్తిగా తీసేస్తే శ్రోతకు ఏదో లోటు తెలుస్తుంది, సగం తీస్తే ఆ సగమే నిజమనుకుంటాడు. 1969 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్నే సీబీఎస్ రద్దు చేసింది.

అదే ఏడాది జూన్ 7న నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో ఏబీసీ కోసం జానీ క్యాష్ షో మొదలైంది. మొదటి కార్యక్రమానికే ఆయన డిలన్‌నూ, జోనీ మిచెల్‌నూ పిలిచారు. డిలన్, క్యాష్ పక్కపక్కనే కూర్చుని పాడిన దృశ్యం అందరూ చూడదగినది. ఇద్దరిలో ఎవరూ కెమెరాను పట్టించుకున్నట్టు కనిపించరు. తరువాత సీగర్‌ను కూడా క్యాష్ పిలిచారు. గిటార్ గారు అన్నట్టు, ఆతిథ్యమిచ్చినవాడు తానే గాయకుడైతే అతిథికి దక్కే మర్యాద వేరుగా ఉంటుంది.

తంబూర:
మన దగ్గర 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైనా, ఇక్కడి పల్లెలలో టెలివిజన్ చూడడం చాలా తరువాతి మాట. అప్పటికి నాజర్ గారి తరంవారు వయసు మళ్ళారు. రేడియోలో వారి గొంతు మిగిలింది గానీ, వారి అడుగు, వారి గంతు ఎంత మిగిలిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. ఈ వేదికలోని వారి ఇళ్ళలో టెలివిజన్ నుంచి రికార్డు చేసుకున్న బుర్రకథలు ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

అరండల్‌పేట పాఠకురాలు:
తంబూర గారూ, మా నాన్నగారు 1980ల చివరలో సంక్రాంతికో ఉగాదికో ప్రసారమైన ఒక బుర్రకథను వీహెచ్ఎస్ క్యాసెట్‌లో రికార్డు చేశారు. దళం పేరు పెట్టె మీద వ్రాసి లేదు. చాలా ఏళ్ళుగా బీరువాలోనే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు వీసీఆర్ లేదు. పాడైపోయి ఉంటుందా?

పాత టేపులు:
అమ్మా, ముందుగా దొరికిన యంత్రంలో పెట్టి ఆడించి చూడకండి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుగులో చూడండి. అంచుల మీద తెల్లని పొడిలాంటి బూజు కనిపిస్తే అది శుభ్రం చేసిన తరువాతే ఆడించాలి, లేకపోతే టేపూ పోతుంది, యంత్రం తలా పోతుంది. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తిప్పి, ఆ తరువాత ఒకే విడతలో కంప్యూటరులోకి ఎక్కించాలి. నా దగ్గర పనిచేస్తున్న వీసీఆర్ ఉంది. బుర్రకథకు ముందు వచ్చిన ప్రకటనలు, అనౌన్సరు మాటలు, వార్తల ముక్కలు ఏవీ కత్తిరించవద్దు. దళం పేరు, తేదీ తెలిసేది వాటివల్లనే.

అరండల్‌పేట పాఠకురాలు:
పెట్టె తెరిచి చూశాను, బూజు కనిపించలేదు. వచ్చే ఆదివారం విజయవాడ వస్తాను, క్యాసెట్ తెస్తాను. తంబూర గారు కూడా వస్తే దళాన్ని గుర్తుపట్టగలరేమో.

తంబూర:
తప్పకుండా వస్తానమ్మా.